లెమనేడ్, నిమ్మసోడా, గోలీ సోడా: చరిత్ర బోర్డు మీద ఏం రాయాలి? 300 గ్లాసులకి లెక్క ఎలా?

బ్రాడీపేట_బ్యాచ్:

అందరికీ నమస్కారమండి. గుంటూరులో మా కాలేజీ ఫుడ్ ఫెస్టులో నిమ్మరసం స్టాలు మా వంతుకి పడింది. రెండు విషయాల్లో సాయం కావాలి.

ఒకటి, స్టాలు వెనకాల నాలుగడుగుల బోర్డు మీద లెమనేడ్ చరిత్ర రాయాలి. ఒకచోట ఈజిప్టు అని ఉంది, ఇంకోచోట పారిస్ అని ఉంది, వాట్సాప్‌లో అయితే "వేదకాలం నుంచీ మనదే". జడ్జీల్లో ఒకరు హిస్టరీ మేడమ్. తప్పు రాస్తే అక్కడే నిలబెట్టి అడుగుతారు. గోలీ సోడా బెజవాడ వాళ్లు కనిపెట్టిందేనని మా బ్యాచ్‌లో ఒకడి వాదన, అది కూడా తేల్చండి.

రెండోది, 200 మి.లీ. గ్లాసులు 300 కావాలి. సగం మామూలు ఉప్పు-తీపి, సగం "పాతకాలపు పద్ధతి" అని చెప్పుకోగలిగేది. కాయలెన్ని, పంచదార ఎంత, ఐసు ఎంత? గోలీ సోడా మెషీను అద్దెకి వస్తుందంటున్నారు, మేం పట్టుకోగలమా?

పాతకాగితాలు:

ముందు బోర్డు సంగతి. "లెమనేడ్ ఎక్కడ పుట్టింది" అని అడిగితే మూడు ప్రశ్నలు ఒకే గిన్నెలో పోసి కలిపినట్టే. కాయ ఎక్కడిది, పంచదార ఎక్కడిది, రెండూ కలిపి తాగినట్టు రాతలో మొదట ఎక్కడ దొరికింది? మూడింటికీ జవాబులు వేరు.

రాతలో దొరికింది ఈజిప్టులోనే. పాత కైరోలో ఫుస్తాత్ అనే చోట బెన్ ఎజ్రా అనే యూదుల ప్రార్థనామందిరం ఉంది. దేవుడి పేరున్న కాగితాన్ని పారేయకూడదన్న నియమం వల్ల ఉత్తరాలు, పద్దులు, ఒప్పందాలు అన్నీ తీసుకొచ్చి ఒక గదిలో పడేసేవారు. ఆ గదిని గెనీజా అంటారు. అందులో చాలా భాగాన్ని సాలమన్ షెక్టర్ 1896-97లో కేంబ్రిడ్జికి చేర్చాడు. 10 నుంచి 13వ శతాబ్దం దాకా ఉన్న ఆ కాగితాల్లో పంచదార కలిపిన నిమ్మరసాన్ని సీసాల్లో పోసి అమ్మిన వైనం ఉంది, దాని పేరు ఖతర్మీజాత్. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, అది ఇంటికొచ్చిన చుట్టానికి కలిపిచ్చిన నీళ్లు కాదు, అప్పటికే బజారు సరుకు. బజారుకెక్కిందంటే జనం తాగడం అంతకుముందే మొదలై ఉండాలి. 12వ శతాబ్దంలో సలాదీన్ సుల్తానుకి వైద్యుడైన ఇబ్న్ జుమై నిమ్మ గురించే ప్రత్యేకంగా ఒక చిన్న గ్రంథం రాశాడు. తర్వాతి శతాబ్దంలో ఇబ్న్ అల్ బైతార్ దాన్ని తన ఔషధ గ్రంథంలో చేర్చాడు.

పారిస్ సంగతి పుట్టుక కాదు, వ్యాపారం. 17వ శతాబ్దంలో అక్కడ వీపుకి పీపా తగిలించుకుని వీధుల్లో లెమనేడ్ అమ్మేవారు. 1676లో ఆ అమ్మకందార్లకి సంఘం ఏర్పడి అమ్మే హక్కు వాళ్ల చేతికొచ్చింది. లిమొనాడ్ అన్న ఫ్రెంచి మాటే ఇంగ్లీషులో లెమనేడ్ అయింది.

ఇక "మనదే" అన్న మాట. ఇందులో సగం నిజం ఉంది, ఆ సగమే రాయండి. సుశ్రుత సంహితలో బెల్లం పానకం ప్రస్తావన ఉంది. పులుపు వేసినదైనా, వేయనిదైనా అరగడానికి బరువు, మూత్రం జారీ చేస్తుంది అని దాని గుణం చెప్పారు. అంటే తీపి-పులుపు పానీయం కైరో సీసాల కంటే చాలా ముందునుంచే మన దగ్గరుంది. అయితే ఆ పులుపు నిమ్మదేనని అక్కడ లేదు. చింతపండు కావచ్చు, దానిమ్మ కావచ్చు. నిమ్మ పేరు పెట్టి కొలతతో సహా చెప్పింది 16వ శతాబ్దపు ఆయుర్వేద గ్రంథం భావప్రకాశం: నిమ్మరసం ఒక వంతు, పంచదార నీళ్లు ఆరు వంతులు, లవంగం, మిరియం. పానకాల్లో ఇది ఉత్తమం అని కితాబు కూడా ఇచ్చాడు భావమిశ్రుడు. మీరడిగిన "పాతకాలపు పద్ధతి" ఇదే. కానీ కాలం లెక్కలో ఇది ఇబ్న్ జుమై కంటే దాదాపు 400 ఏళ్లు వెనకబడింది, అది దాచకండి.

పంచదార మాత్రం నిస్సందేహంగా ఇక్కడిది. చెరకు మన దేశం నుంచి పారశీకం మీదుగా ఈజిప్టు చేరింది. శర్కర అన్న మాటే పారశీకంలో షకర్, అరబ్బీలో సుక్కర్ అయి యూరపు దాకా పాకింది. ఖండం అన్న మాట క్యాండీ అయింది. మేడమ్ గారికి నచ్చే విషయం ఇదే.

తెనాలి_యార్డు:

పై వివరం బాగుంది, కాయ దగ్గర ఒక మెలిక మిగిలిపోయింది. మీ స్టాల్లో పిండేది అసలు లెమన్ కాదు. తెనాలి యార్డుకి వచ్చేది, బెజవాడ కాళేశ్వరరావు మార్కెట్లో దొరికేది పలచటి తొక్క ఉన్న చిన్న గుండ్రటి కాయ. ఉత్తరాదిలో కాగ్జీ నింబూ అంటారు, ఇంగ్లీషులో లైమ్. యూరపు వాళ్ల లెమన్ కోలగా, కొనదేలి, మందపు తొక్కతో ఉంటుంది. రెండింటికీ తండ్రి ఒకటే, మాదీఫలం. తల్లులు వేరు. లెమన్ తల్లి పుల్లనారింజ. మన నిమ్మ తల్లి సిట్రస్ మైక్రాంథా అనే చిన్న పుల్లకాయ జాతి. 2018లో నేచర్ పత్రికలో వచ్చిన జన్యు పరిశోధన మొత్తం నిమ్మ-నారింజ వంశానికి పుట్టిల్లు హిమాలయాల ఆగ్నేయపు అంచు, అంటే అస్సాం, ఉత్తర బర్మా, చైనాలోని యునాన్ పడమటి భాగం, అని తేల్చింది. కాబట్టి "కాయల వంశం ఈశాన్యం వైపుది" అని ధైర్యంగా రాయొచ్చు, "గుంటూరుది" అని రాయకండి.

ఈ తేడా పేరు దగ్గరే ఆగదు. చిగుళ్లు వాచి రక్తం కారే స్కర్వీ జబ్బు మీద జేమ్స్ లిండ్ 1747లో ఓడలో చేసిన పరీక్షలో నారింజలు, లెమన్లు ఇచ్చినవాళ్లే తేరుకున్నారు. 1795 నుంచి బ్రిటిష్ నౌకాదళం లెమన్ రసం పంచింది, జబ్బు దాదాపు పోయింది. తర్వాత 19వ శతాబ్దం మధ్యలో తమ వెస్టిండీస్ తోటల నుంచి వస్తుందని లైమ్ రసానికి మారారు. పులుపు ఎక్కువ కదా, గుణమూ ఎక్కువే అనుకున్నారు. గుణం పులుపులో లేదు, సి విటమిన్లో ఉంది. 100 గ్రాముల లెమన్‌లో అది 53 మి.గ్రా. ఉంటే లైమ్‌లో 29. పైగా నిలవ పెట్టిన రసంలో అదీ పోతుంది. జబ్బు మళ్లీ తలెత్తింది. నావికులకి "లైమీలు" అన్న ఎగతాళి పేరు మాత్రం మిగిలింది.

కాయ ఎంపిక: బరువుగా, తొక్క నున్నగా, బొటనవేలితో నొక్కితే లొంగేది తీసుకోండి. పసుపు తిరిగిన కాయలో రసం ఎక్కువ, ముదురాకుపచ్చ గట్టికాయలో తక్కువ. తొక్క మీద గోధుమరంగు గరుకు మచ్చలుంటే అది గజ్జి తెగులు. మచ్చ తొక్కకే, రసానికి నష్టం లేదు. అలాంటి కాయ చవగ్గా వస్తుంది, పిండుకోవడానికి మీకు అదే మేలు. తొడిమ దగ్గర మెత్తబడి నీరు కారేది మాత్రం ఏరి పారేయండి. వేసవిలో రేటు చూసి గుండె గుభేల్మంటుంది కానీ అది దళారీ మాయ ఒక్కటే కాదు. చెట్టు సహజంగా విరగకాసేది వానల్లో. వేసవి కాపు కావాలంటే వానల చివర్లో చెట్టుని ఎండగట్టి పూతకి తేవాలి, ఆ కాపు ఎప్పుడూ పలచనే.

కొలగిన్నె:

లెక్క నేను ఇస్తాను. 300 గ్లాసులు x 200 మి.లీ. = 60 లీటర్లు, ఐసు కరిగిన నీళ్లు కూడా కలుపుకుని.

రసం: గ్లాసుకి 14 మి.లీ., మొత్తం 4.2 లీటర్లు. మన కాయ రసంలో ఆమ్లం సుమారు ఆరున్నర శాతం ఉంటుంది. ఈ లెక్కన గ్లాసులో 0.45 శాతం దగ్గర నిలుస్తుంది, చాలామందికి నచ్చే పులుపు అదే. 40 గ్రాముల కాయకి చేతి స్క్వీజరుతో 14-15 మి.లీ. వస్తుంది. కాబట్టి గ్లాసుకి కాయ. పోయేవి పోగా 350 కాయలు, సుమారు 14 కిలోలు తెచ్చుకోండి.

పంచదార: గ్లాసుకి 22 గ్రాములు, మొత్తం 6.6 కిలోలు. చల్లనీళ్లలో నేరుగా వేస్తే కరగదు, అడుగున కూర్చుంటుంది. మొదటి యాభై గ్లాసులు పుల్లగా, చివరి యాభై పాకంలా వస్తాయి. అందుకే ముందురోజే 3.3 లీటర్ల నీళ్లలో వేడి చేసి కరిగించండి. తీగపాకం అక్కర్లేదు, పంచదార కరిగి నీళ్లు తేటపడితే దింపేయడమే. సుమారు 7.4 లీటర్లు వస్తుంది, గ్లాసుకి 25 మి.లీ. నీళ్లు ఇంతకంటే తగ్గిస్తే రాత్రికి గిన్నె అంచుల్లో పలుకులు కడుతుంది.

ఐసు: అందరూ పొరబడేది ఇక్కడే. 60 లీటర్లు కలిపేసి, రుచి చూసి, బాగుందనుకుని ఐసు వేస్తారు. గంటకల్లా అది నిమ్మ వాసన తగిలిన నీళ్లు. 32 డిగ్రీల నీళ్లని 8 డిగ్రీలకి దించాలంటే ఈ మొత్తానికి 12 కిలోల ఐసు కరగాలి. అది 12 లీటర్ల నీళ్లతో సమానం. కాబట్టి రసం, పాకం కాక విడిగా పోసే నీళ్లు 36 లీటర్లే. ఎండకి, డబ్బాకి పోయేది కలుపుకుని 18-20 కిలోల ఐసు తెప్పించండి. ముందు ఒక్క గ్లాసు కలిపి చూడండి: 25 పాకం, 14 రసం, 120 నీళ్లు, 40 గ్రాముల ఐసు. ఐసు పూర్తిగా కరిగాకే రుచి చూసి తీర్పు చెప్పండి.

ఉప్పు-తీపి 150 గ్లాసులకి ఉప్పు 60 గ్రాములు. కొంచెం నీళ్లలో కరిగించి పోయండి.

పాతకాలపు రకానికి సగం పాకం, అంటే 3.7 లీటర్లు, విడిగా తీయండి. వేడిగా ఉండగానే 15 గ్రాముల మిరియాలు, 3 గ్రాముల లవంగాలు కచ్చాపచ్చాగా దంచి, పలచటి బట్టలో మూటకట్టి వేయండి. పది నిమిషాలకి తీసేయాలి. రాత్రంతా ఉంచితే లవంగం నిమ్మని మింగేసి పంటిమందు వాసనొస్తుంది. మెత్తటి పొడి వేస్తే తేట పోయి గొంతులో పట్టుకుంటుంది.

ఒక మాట. భావప్రకాశంలోని ఒకటికి ఆరు లెక్క యథాతథంగా చేస్తే 200 మి.లీ.లో 28 మి.లీ. పైగా రసం పడుతుంది, పులుపు 0.9 శాతం దాటుతుంది. గ్లాసెడు తాగలేరు. పై లెక్కలో ఒకటికి పదమూడు, అంటే పులుపు సగమే. పంచదార నీళ్లు ఎంత చిక్కగా ఉండాలో భావమిశ్రుడు చెప్పలేదు. అది చిన్న గిన్నెతో ఔషధంలా పుచ్చుకునేదనిపిస్తుంది నాకు. జడ్జీలకి మాత్రం 60 మి.లీ. కప్పుల్లో అసలు కొలతే ఇవ్వండి: తొమ్మిది మి.లీ. రసం, మిగతాది లీటరుకి 200 గ్రాముల పంచదార పట్టిన మసాలా నీళ్లు. పక్కనే మీ గ్లాసు పెడితే తేడా వాళ్లకే తెలుస్తుంది.

సత్తెనపల్లి_రోడ్డు:

రసం ముందురోజు రాత్రే పిండి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే పొద్దున్నే పని తేలిక కదా? వేడి పాకంలోనే రసం కూడా పోసేస్తే నిలవుంటుంది అంటారు.

కొలగిన్నె:

రెండూ వద్దండి. వేడి పాకంలో పోస్తే నిమ్మ వాసన ఆవిరైపోయి ఉడికిన వాసన మిగులుతుంది. స్క్వాష్ చేసేటప్పుడు కూడా పాకం పూర్తిగా చల్లారాకే రసం పోస్తారు.

ముందురోజు పిండితే చేదెక్కుతుంది. పిండగానే చేదుండదు. తెల్లపొరలో, గింజలో ఉన్న చేదులేని పదార్థం ఒకటి రసంలోకి దిగి, ఆ పులుపులో ఉండగా ఉండగా లిమోనిన్‌గా మారుతుంది. అది చేదు. అందుకే రాత్రి బాగున్న రసం పొద్దున్న మొహం మాడ్చేలా చేస్తుంది. పంచదార ఎంత పోసినా ఆ చేదు కప్పబడదు. కాయని అడ్డంగా కోసి, గింజలు తీసి, ఒక్కసారే నొక్కండి. చివరి చుక్క కోసం మెలిపెడితే తొక్కలోని నూనె, తెల్లపొర చేదు రెండూ దిగుతాయి. వెంటనే వడకట్టి, ఐసు మీద పెట్టి, నాలుగు గంటల్లో వాడేయండి. ఇద్దరు పిండుతూ ఉంటే ఒకరు కలుపుతూ పోవచ్చు.

గిన్నె స్టీలుదో గాజుదో కావాలి. అల్యూమినియం డేగిశా, కళాయి లేని ఇత్తడి బిందె రెండూ పనికిరావు. నిమ్మపులుపు లోహాన్ని తింటుంది, రుచి గరుకుగా, రక్తం నాకినట్టు మారుతుంది.

వాషరు_రింగు:

గోలీ సోడా వంతు నాది. ముందు బెజవాడ వాదన తీర్చేద్దాం. ఆ సీసా హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషు ఇంజనీరుది, 1872లో పేటెంటు తీసుకున్నాడు. నీళ్లలోకి గ్యాసు ఎక్కించడం అంతకు వందేళ్ల ముందు సంగతి. ఇంగ్లండులోని లీడ్స్‌లో బీరు బట్టీ పక్కనే ఉంటున్న జోసెఫ్ ప్రీస్ట్లీ 1767లో తొట్టి మీద తేలే గ్యాసుని నీళ్లలో కలిపి చూశాడు, 1772లో పద్ధతి అచ్చువేశాడు. దాన్ని వ్యాపారం చేసింది జెనీవాలో యోహాన్ యాకోబ్ ష్వెప్, 1783లో. అప్పట్లో బాధల్లా మూతదే. బెండుబిరడా ఎండితే గ్యాసు పోతుంది, అందుకే సీసాని పడుకోబెట్టి ఉంచేవారు. గ్యాసు ఒత్తిడినే బిరడాగా వాడుకోవడం కాడ్ తెలివి. సోడా ఎంత గట్టిగా ఉంటే గోలీ అంత గట్టిగా మూసుకుంటుంది. జపాన్‌లో 1884లో కోబే రేవులో అలెగ్జాండర్ కామెరాన్ సిమ్ మొదలుపెట్టిన రామునే కూడా ఇదే సీసా. లెమనేడ్ అన్న మాటని వాళ్లు అలా పలికారు. ఇంగ్లండులో సీసా మ్యూజియానికి పోయింది, జపాన్‌లోనూ మన దగ్గరా మాత్రం ఇంకా గోలీ కొడుతూనే ఉన్నారు. మందపాటి కళ్లద్దాలని సోడాబుడ్డి అనే మాట కూడా ఆ అడుగు గాజు పుణ్యమే.

నింపే తీరు: మెడలో గోలీ తిరిగే చిన్న అర, దాని కింద నొక్కు, నోటి లోపల రబ్బరు వాషరు. సీసా నిలబెట్టి నీళ్లు పోస్తారు. పైన రెండు వేళ్ల ఖాళీ వదలాలి. చట్రంలో బిగించి, గ్యాసు తెరిచి, పిడి తిప్పితే సీసాలు తలకిందులై కుదుపుతాయి. ఆ కుదుపులోనే గ్యాసు నీళ్లలోకి ఎక్కుతుంది. తలకిందులుగా ఉండగానే గోలీ జారి వాషరు మీద కూర్చుంటుంది, బయటికి తీశాక లోపలి ఒత్తిడి దాన్ని పట్టి ఉంచుతుంది. తాగేటప్పుడు గోలీని లోపలికి కొట్టి, నొక్కులున్న వైపు కిందికి వంచాలి. గోలీ ఆ నొక్కుల్లో చిక్కుకుని దారి వదులుతుంది. సీసాని తిప్పి పట్టుకుంటే మాటిమాటికీ అడ్డం పడుతుంది.

ఎక్కడ చెడుతుందంటే, ఎక్కువగా నీళ్ల వేడి దగ్గర. 30 డిగ్రీల నీళ్లు మామూలు ఒత్తిడిలో తమ కొలతలో మూడింట రెండొంతులే గ్యాసు పట్టగలవు. 5 డిగ్రీల నీళ్లు దాదాపు ఒకటిన్నర రెట్లు పడతాయి. నీళ్లకి మూడున్నర రెట్లు గ్యాసు, అంటే ముక్కు చుర్రుమనే సోడా కావాలంటే, 5 డిగ్రీల దగ్గర మీటరు మీద కేజీన్నర ప్రెషరు చాలు. 30 డిగ్రీల దగ్గర నాలుగున్నర కేజీలు పెట్టాలి. పాత సీసాకి ఆ మూడు కేజీల తేడాయే ప్రాణం మీదికి తెస్తుంది. నీళ్లు ముందే చల్లబరచండి.

ఖాళీలో మామూలు గాలి చిక్కుకుంటే మీటరు సరిగ్గానే చూపిస్తుంది, సోడా మాత్రం చప్పగా ఉంటుంది. మొదటిసారి కొద్దిగా గ్యాసు పంపి, వదిలేసి, రెండోసారి నింపితే ఆ గాలి పోతుంది. నిలబెట్టగానే గోలీ జారిపోతే గ్యాసు తక్కువైనట్టు. సన్నగా సుయ్‌మంటుంటే వాషరు ఎండి పగిలినట్టు, లేదా గోలీకి పెచ్చు లేచినట్టు.

అద్దె మెషీను మీరే తిప్పాలనుకుంటే మాత్రం నా సలహా వద్దనే. గాజులో వెంట్రుకంత పగులున్నా తిప్పేటప్పుడు పేలుతుంది. అలవాటున్నవాళ్లే ఇనుప జాలీ మూత వేసి, మొహానికి తొడుగు, చేతులకి తోలు గ్లౌజులు వేసుకుని తిప్పుతారు. సిలిండరు ఇంకో తలనొప్పి. కార్బన్ డయాక్సైడు 31 డిగ్రీలు దాటితే ద్రవంగా నిలవదు, లోపలి ఒత్తిడి 74 బార్ల (ఒక బారంటే దాదాపు ఒక కేజీ ప్రెషరు) నుంచి ఎండతో పాటు ఎగబాకుతుంది. మన గుంటూరు ఎండలో సిలిండరు బయట పెట్టడమంటే తెలిసి తెలిసి గొడవ కొనుక్కోవడం. రెగ్యులేటరు లేకుండా ఎవరైనా ఇస్తానంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి. వెల్డింగు షాపు గ్యాసు అసలే వద్దు, పానీయాలకని ఇచ్చేదే వాడాలి. మెషీనుతో పాటు దాన్ని నడిపే మనిషిని కూడా మాట్లాడుకోండి, లేదంటే నింపిన సోడాలు కొనుక్కోండి.

బ్రాడీపేట_బ్యాచ్:

మెషీను మానేశాం అన్నా. నింపిన సోడాలే తెస్తాం. ఒక ఫ్రెండు వంటసోడా చిటికెడు వేస్తే నిమ్మరసం పొంగుతుంది, అదే గ్యాసు కదా అంటున్నాడు. చేయొచ్చా?

వాషరు_రింగు:

గ్యాసు అదే, లెక్కే కుదరదు. గ్రాము వంటసోడా ముప్పాతిక గ్రాము నిమ్మ ఆమ్లాన్ని తినేస్తుంది, అంటే సుమారు 12 మి.లీ. రసం. గ్లాసులో వేసేదే 14. పులుపంతా సోడాకి బలై, చప్పటి సబ్బునీళ్ల రుచి మిగులుతుంది. పోనీ గ్యాసన్నా వస్తుందా అంటే, పుట్టేది అర గ్రాము. గట్టి గోలీ సోడాలో 200 మి.లీ.కి 1.4 గ్రాములుంటుంది. ఆ అర గ్రామూ మూతలేని గ్లాసులో నురగై పోతుంది.

నిమ్మసోడా కలిపే వరస కూడా చెప్తాను. ముందు పాకం, రసం, కరిగించిన ఉప్పు. చివర్లో చల్లటి సోడా, గ్లాసు వంచి గోడ వెంబడి, 150 మి.లీ. ఒక్కసారే చెంచా తిప్పి వదిలేయండి. పొడి ఉప్పు పైన చల్లితే ప్రతి పలుకు చుట్టూ బుడగలు లేచి, గ్యాసంతా బల్ల మీదికి పొంగుతుంది. బెజవాడ బీసెంట్ రోడ్డు బళ్ల దగ్గర ఆ పొంగు చూడముచ్చటగానే ఉంటుంది, తాగేవాడికి మిగిలేది మాత్రం ఉప్పునీళ్లు.

సత్తెనపల్లి_రోడ్డు:

ఐసు దగ్గర ఒక జాగ్రత్త. చేపలకి, సరుకు నిలవకి వాడే దిమ్మ ఐసు తాగడానికి కాదు. తినకూడని ఐసుకి నీలం రంగు కలపాలని 2018లోనే నిబంధన వచ్చింది. తెల్లగా ఉంది కదా అని సరిపెట్టుకోకుండా, తాగేనీళ్లతో చేసిందేనా అని అడిగి, బస్తాగుడ్డలో కాక మూతున్న డబ్బాలో తెచ్చుకోండి.

బోర్డులో మంగళగిరి పెట్టరా? పానకాల స్వామి పక్కనే ఉండగా!

పాతకాగితాలు:

పెట్టొచ్చు, పెట్టాలి కూడా. అయితే జాగా చూసి. పానకాల నరసింహస్వామికి పోసేది బెల్లం పానకం, అందులో నిమ్మ లేదు. పోసినదాంట్లో సగం స్వామి పుచ్చుకుని సగం ప్రసాదంగా వదులుతాడని నమ్మకం. దాన్ని లెమనేడ్‌కి తాత అని రాస్తే మేడమ్ ఊరుకోరు. "పానకం అనే మాట, తాగే పద్ధతి ఇక్కడ నేటికీ నడుస్తున్నాయి" అని సుశ్రుతుడి వాక్యం పక్కన పెట్టండి, సరిగ్గా అతుకుతుంది.

నాలుగడుగుల బోర్డుకి నాలుగు వరసలు చాలు. కాయల వంశం: హిమాలయాల ఆగ్నేయపు అంచు. పంచదార: భారతదేశం. రెండూ కలిపి సీసాల్లో అమ్మినట్టు తొలి రాత: కైరో, 10-13 శతాబ్దాలు. మన దగ్గర కొలతతో దొరికే నిమ్మ పానకం: భావప్రకాశం, 16వ శతాబ్దం. కింద చిన్నక్షరాల్లో 1676 పారిస్, 1767 లీడ్స్, 1872 కాడ్ సీసా. "పుట్టిల్లు" అన్న మాట కాయల వరసలో తప్ప ఇంకెక్కడా వాడకండి.

తెనాలి_యార్డు:

శీర్షికలో "లెమనేడ్" అని పెడితే పక్కన నక్షత్రం గుర్తు వేసి, కింద "ఈ గ్లాసులో ఉన్నది లైమ్" అని కూడా రాయండి. మేడమ్ అడగకముందే చెప్పినట్టుంటుంది. ఇంకోటి, కాయలు రెండు రోజుల ముందు కొని గోనెపట్టా మీద నీడన పరిచి ఉంచండి. ప్లాస్టిక్ సంచిలో మూట కడితే చెమటపట్టి, తొడిమ దగ్గర బూజు లేస్తుంది.